నీళ్లు తాగాక ఆగిన ఏడుపు

అక్షర దోషాలకు ముందే క్షమించమని అడుగుతున్నాను. నేను పలక పట్టింది యాభై దాటాక. ఇప్పటికీ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఆగి ఆలోచించుకుంటాను. ఒక పేజీకి రెండు పూటలు పడుతుంది, అందుకే ఈ అధ్యాయం ఇంత ఆలస్యమైంది. ముందు అధ్యాయాలు చదవనివాళ్లు కూడా దీన్ని విడిగా చదువుకోవచ్చు. ఎస్సై శ్యామల పనిచేసే స్టేషన్ జూలూరుపాడు దిక్కున ఉంది. ఆ స్టేషన్ కిందిదే పాలగుట్ట తండా. తండా సర్పంచ్ పదవి ఈసారి గిరిజన మహిళకు వచ్చింది. నామినేషన్లకు ఆఖరి రోజు, సాయంత్రం ఐదింటి వరకే గడువు. పోటీ చేస్తానని అందరికీ చెప్పిన గోరి ఆ పొద్దున్నే రోడ్డు మీద నుంచి మాయమైంది.

*

"గుండెలు పగిలేట్టు ఏడ్చింది మేడం గారూ. ఎవరన్నా చస్తే తప్ప మనుషులు అట్టా ఏడవరు," అంది సైదమ్మ.

సైదమ్మది తండా మలుపులో టీకొట్టు. మూడేళ్ల కింద మధిర దిక్కు నుంచి వచ్చి అక్కడ పెట్టుకుంది. గోరిని ఎవరో ఎత్తుకుపోయారని వందకు ఫోన్ చేసింది ఆమే.

శ్యామల బెంచీ మీద కూర్చోలేదు. రోడ్డు అంచున ఆటో టైర్ల గుర్తులు చూస్తోంది. బండి వంకర తిరగలేదు, దుమ్ము లేపుకుంటూ పారిపోలేదు. వచ్చి నిదానంగా ఆగి, నిదానంగానే వెనక్కి మళ్లి పోయింది.

"మొదటి నుంచి చెప్పు. ఆటోల ఎంతమంది వచ్చిన్రు?"

"ఒక ముసలావిడ, ఒక మగాయన. ముసలావిడ అద్దాల లంగా కట్టుకుంది, మీ పాతకాలం వాళ్లు కట్టుకునేది. గోరి అప్పుడే నడిచొచ్చి ఇక్కడ నిలబడింది, బస్సు కోసం. కొత్త చీర కట్టుకుంది. 'సైదమ్మక్కా, ఇయ్యాల నామినేషన్, దీవించు' అని కూడా అంది. ఇంతలో ఆటో వచ్చి ఆగింది."

"ముందు ఎవరు ఏడ్చిన్రు?"

సైదమ్మ ఆ ప్రశ్నకు సిద్ధంగా లేదు.

"ముసలావిడేనండీ. ఆటో దిగుతూనే రెండు చేతులూ చాపి అందుకుంది."

"గోరి వెనక్కి తగ్గిందా? ఇడిపించుకుందా?"

"లేదు. పోయి ఆవిడ మీద పడింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని... ఏదో పాడినట్టు సాగదీస్తూ ఏడ్చారు. మాటలున్నాయి గానీ మీ భాష, నాకు తెలీదు."

"ఒకరు ఊపిరి తీసుకుంటే ఇంకొకరు అందుకున్నరా?"

"అచ్చం అట్టానే. మీరు చూసినట్టే చెప్తున్నారే!"

"ఎట్ల ఆగింది?"

"ఆ మగాయన నా దగ్గరికొచ్చి చెంబు నీళ్లు అడిగాడు. ఇచ్చాను. ముందు ముసలావిడకి, తర్వాత గోరికి తాగించాడు. అంతే, కుళాయి కట్టేసినట్టు ఇద్దరికీ ఏడుపు ఆగిపోయింది. ముసలావిడ తన కొంగుతో గోరి మొహం తుడిచి, జబ్బ పట్టుకుని ఆటో ఎక్కించింది. ఫోన్ కోసం లోపలికి ఉరికాను."

ఇంతవరకు జీపుకు ఆనుకుని టీ తాగుతున్న ఎస్సై పవన్ గ్లాసు కింద పెట్టాడు. ఎన్నికల బందోబస్తు కోసం స్పెషల్ పార్టీతో కొత్తగూడెం నుంచి వచ్చాడు. శ్యామలా అతనూ ఒకే బ్యాచ్. ట్రైనింగ్‌లో పరుగు పందెం దగ్గర మొదలైన పోటీ ఇంకా అయిపోలేదు.

"ఇంక అడిగేది ఏముంది శ్యామలా? నీళ్లల్ల మత్తుమందు కలిపిండ్రు. క్లియర్ కిడ్నాప్."

సైదమ్మ మొహం ఎర్రబడింది. "చెంబు నాది సారూ, నీళ్లు నావి! మందు ఎవరు కలుపుతారు? ఇందాకటి నుంచి మీరు తాగిన మూడు టీలూ ఆ బిందె నీళ్లతోనే పెట్టాను. మీకేం మత్తు రాలేదే!"

కానిస్టేబుల్ తల తిప్పుకుని దగ్గాడు. పవన్ గ్లాసు వైపు ఒకసారి చూశాడు.

శ్యామల నవ్వలేదు. ఆమెది ఇల్లందు దగ్గరి తండా. కాలేజీలో చదివే రోజుల్లో బస్టాండులో మేనత్త ఎదురుపడింది. రెండేళ్లుగా చూసుకోలేదు. మేనత్త అందరి ముందూ ఆమెను వాటేసుకుని ఏడుపు అందుకుంది. కాలేజీ పిల్లలంతా చుట్టూ మూగి 'ఎవరు చనిపోయారు' అని అడిగారు. ఎవరూ చనిపోలేదు. చాలాకాలానికి కలిసిన సొంత మనుషులు అట్లా ఏడ్చి పలకరించుకోవడం లంబాడీ ఆడవాళ్ల పద్ధతి. విడిపోయినప్పటి నుంచి జరిగిన కష్టాలన్నీ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. ఎవరో ఒకరు నీళ్లు తాగించేదాకా ఆపరు. తాగాక మామూలుగా మాట్లాడుకుంటారు. ఆ రోజు శ్యామల సిగ్గుతో చచ్చిపోయింది. ఇవాళ అదే ఏడుపు ఆమెకు సగం దారి చూపించింది.

"కిడ్నాప్ కాదు పవన్. ఆమె తన ఇష్టంతోటే ఎక్కింది. ఎక్కించుకున్నది పరాయోళ్లు కాదు, తల్లిగారింటోళ్లు. చానా రోజులకు కలుసుకున్నరు."

"ఏడ్చుకుంట పోయిన మనిషి ఇష్టంతోటి పోయిందా? నువ్వు లాజిక్ మాట్లాడు." అతను తన జీపు వైపు వేలు చూపించాడు. "అగో, రాందాస్ అండ్ల కూసున్నడు. గోరికి సొంత బావ, మొగని అన్న. ఆయన పెండ్లాం కళ్యాణి నిన్ననే నామినేషన్ ఏసింది. గోరి కూడ ఏస్తే ఇంటి ఓట్లు రెండు ముక్కలైతయి. గోరి లేకుంటే కళ్యాణి ఏకగ్రీవం. మోటివ్ ఉంది, మనిషి దొరికిండు. సాయంత్రానికల్ల ఒప్పిస్త."

"సాయంత్రానికి ఐదు దాటిపోతది."

"దాటితే?"

"నీకు కేసు మిగులుతది. గోరికి ఏం మిగలదు."

పవన్ భుజాలు ఎగరేశాడు. శ్యామల గడియారం చూసుకుంది. పన్నెండు కావస్తోంది.

*

తండాలో గోరి మామ లాల్‌సింగ్ ఇల్లు, ఆయన ఇద్దరు కొడుకుల ఇళ్లు ఒకే వాకిట్లో ఉన్నాయి. లాల్‌సింగ్ చాలా ఏళ్లు సర్పంచ్‌గా చేశాడు. తండాలో సగం ఇళ్లు ఆయన అన్నదమ్ములవి, మిగతా సగం ఆయన ఇంటికి పిల్లనిచ్చినవాళ్లవి, ఆయన ఇంటి పిల్లను తెచ్చుకున్నవాళ్లవి.

మంచం మీద నుంచి లేవకుండానే ఆయన పలకరించాడు. "రా బిడ్డా. నువ్వు మనోళ్ల పిల్లవేనట గద. మా పెద్దోణ్ని ఎందుకు పట్టుకపోయిండ్రు?"

"అది నేను పట్టుకపోలేదు కాకా. గోరి ఎటు పోయింది?"

"నాకేం తెలుసు? పోయినసారి దాన్ని వార్డు మెంబర్ చేసింది నేను. అది ఒక్క ఇంటికి పోయి ఓటు అడగలే. లాల్‌సింగ్ కోడలు అన్నరు, ఎదురు నామినేషనే పడలే. ఐదేండ్లు బోరు ఏయిస్త, లైటు పెట్టిస్త అనుకుంట తిరిగింది. తిరగనిచ్చిన. ఇప్పుడు సర్పంచ్ అయితదట! ఇంట్ల పెద్దకోడలు ఉండంగ."

గుమ్మం పక్కన పెద్దకోడలు కళ్యాణి నిలబడి ఉంది. మామ ముందు కొంగు కళ్ల మీదికి లాక్కుంది. శ్యామల ఆమె వైపు తిరిగింది.

"కళ్యాణీ, సర్పంచ్ కావాలని నీకుందా?"

"ఉంది," అన్నాడు లాల్‌సింగ్.

"నేను ఆమెను అడిగిన కాకా."

"అదే చెప్తున్న. ఆమెకు ఉంది."

కొంగు కింద కళ్యాణి పెదాలు కదిలాయి. చేతిలోని చీపురును గోడకు నిలబెట్టి లోపలికి వెళ్లిపోయింది.

గోరి భర్త లాలు తన ఇంటి ముందు, వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు. శ్యామలను చూసి లేచాడు. కళ్లు ఎర్రగా లేవు. పెళ్లాం కనిపించకుండా పోయిన మనిషి పొద్దున్నుంచి తండా దాటి వెతకడానికి వెళ్లలేదు.

"గోరి బస్సుకు పోతుంటే నువ్వెందుకు తోడు పోలే?"

"నేను వెనకంగ వస్తనన్న మేడం. కాగితాలు తీసుకొని."

"ఆమెను ఎవరో ముసలామె కౌగిలించుకొని ఏడ్చిందట. ఆటోల ఎక్కించిందట."

"ఆమెకేం కాదు మేడం," అన్నాడు లాలు వెంటనే.

ఆ ముసలామె ఎవరని అతను అడగలేదు. శ్యామల ఆ సంగతి మనసులో ఉంచుకుని ఇల్లు చూడడం మొదలుపెట్టింది. పొయ్యి మీద రోజూ వండే గిన్నె పక్కన పెద్ద బగోణె కడిగి బోర్లించి ఉంది. నూరిన మసాలా ముద్ద మూతపెట్టి ఉంది. ఇంటి వెనక దడి ఖాళీ. మేకలన్నీ అడవికి పోయాయి. ముందు వాకిట్లో గుంజకు మాత్రం ఒక మేకపోతు కట్టేసి ఉంది. బాగా బలిసిన పోతు. దాని ముందు అప్పుడే కొట్టుకొచ్చిన కొమ్మ వేలాడుతోంది.

"దీన్ని ఎందుకు తోలలే?"

"కుంటుతుంది మేడం."

శ్యామల వంగి తాడు విప్పింది. పోతు ఆమె చేతిలోంచి తాడు గుంజుకుని, వాకిలి దాటి, లాల్‌సింగ్ మంచం కిందుగా దూరి, అవతలి చేను గట్టెక్కి నిలబడింది. కానిస్టేబుల్ దాని వెనక పరుగెత్తాడు గాని అందలేదు.

"కుంటు బాగైంది," అంది శ్యామల. "ఇగ అసలు సంగతి చెప్పు. ఇయ్యాల పండుగ లేదు, మొక్కు లేదు. పెండ్లాం మాయమైనోని ఇంటి ముందర పోతును కట్టేసిన్రు, మసాలా నూరిన్రు, పెద్ద గిన్నె కడిగిన్రు. మన తండాలల్ల పగ పట్టిన చుట్టాలు కలిసేటప్పుడు పోతును కోస్తరు. ఇయ్యాల మీ ఇంటికి ఎవరొస్తున్నరు లాలూ?"

లాలు తండ్రి వైపు చూశాడు. లాల్‌సింగ్ అటు తిరిగి పడుకున్నాడు.

"మా అత్తగారోళ్లు," అన్నాడు లాలు సన్నగా.

"పగ ఎప్పటిది?"

"నాలుగేండ్లయింది. మా మామ సచ్చిపోయినప్పుడు దినం కాడ నాయినకూ మా బామ్మర్ది బలరాంకూ మాట మాట అయింది. అప్పటి సంది రాకపోకల్లేవ్. గోరి తల్లి మొకం చూడలే. రోజూ కండ్లల్ల నీళ్లే."

"అందుకని?"

"నాయిన చెప్పిండు. 'ఇంట్ల ఒక్క కాగితమే పడాలె. గోరి నా మాట ఇనదు, నీ మాట ఇనదు. తల్లి మాట ఇంటది. బలరాంను పిలువు. ఐదు దాటేదాక దాన్ని వాళ్లింట్ల ఉంచుకోమను. పొద్దుగూకినంక అందరూ కలిసి ఈడికి రావాలె. నేనే పోతును కోస్త, పగ పోతది' అన్నడు." లాలు గొంతు పెంచాడు. "నేను ఆమెను అమ్ముకున్ననా మేడం? తల్లిని చూపించిన. తప్పా?"

"ఆమెకు ఏం చెప్పినవ్?"

లాలు నేల చూశాడు.

"ఆటోల ఉన్నప్పుడు బలరాం ఫోన్‌కు చేసి ఆమెతోటి మాట్లాడిన. 'మీ తల్లి దగ్గరికి పోయి దీవెన తీసుకో, నేను సంచి తీసుకొని ఆడికే వస్త, అటుకేలి అటే నామినేషన్‌కు పోదాం' అన్న."

"పోతవా?"

లాలు వేపపుల్ల విరిచి పారేశాడు.

"సంచి ఏది?"

లోపలి గదిలో, దుప్పట్ల కింద దొరికింది. గోరి రాత్రే సర్ది, తాడుతో ముడేసిన గుడ్డ సంచి. ముడి విప్పినట్టు లేదు. శ్యామల దాన్ని భుజానికి తగిలించుకుంది. "మీ అత్తగారి తండా చెప్పు."

"నల్లబండ. చండ్రుగొండ దాటినంక."

*

పవన్ జీపు తండా దారికి అడ్డంగా ఆగి ఉంది. వెనక సీట్లో రాందాస్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పట్టుబడ్డవాడిలా లేడు, కిరాయికి బండి మాట్లాడుకున్నవాడిలా ఉన్నాడు.

శ్యామల జరిగింది చెప్పింది. పవన్ విన్నాడు. కిడ్నాప్ పోయినందుకు మొహం వాడిపోయింది గాని, ఒక్క క్షణంలో ఇంకో దారి పట్టుకున్నాడు.

"అయితే ఇది ఫ్యామిలీ మ్యాటర్. మొగడు పంపిండు, తల్లి తీసుకపోయింది. మనకేం పని? నువ్వు పోయి ఆమెను జీపుల ఏసుకొని నామినేషన్ సెంటర్ కాడ దించితే ఈ రాందాస్ మనుషులే వీడియో తీస్తరు. పోలీసోళ్లు క్యాండిడేట్‌ను మోసుకొచ్చిన్రు అంటరు. ఎలక్షన్ డ్యూటీ పోతది, సస్పెన్షన్ వస్తది."

"వందకు కాల్ వచ్చింది. మనిషి మిస్సింగ్ అని ఎంట్రీ అయింది. దొరికితే తీసుకొచ్చి స్టేట్‌మెంట్ రాసుకోవాలె గద?"

"రాసుకోవాలె."

"స్టేషన్‌ల రాసుకుంట. స్టేషన్ దిగినంక ఆమె ఎటు నడుస్తదో ఆమె కాళ్ల ఇష్టం. బండి తియ్యి."

వెనక సీట్లోంచి రాందాస్ నవ్వాడు. "పోండ్రి మేడం. తీసుకరండ్రి. కాగితం మీద గోరి ఒక్కతే సంతకం పెడితే సరిపోదు."

ఆ మాట శ్యామలకు అప్పుడు అర్థం కాలేదు.

*

నల్లబండ తండాలో గోరిని ఎవరూ కట్టేయలేదు, గదిలో పెట్టి తాళం వేయలేదు. ఆమె వాకిట్లో బండ మీద, కొత్త చీర నలగకుండా కూర్చుని దారి వైపు చూస్తోంది. జీపు కనబడగానే లేచి నిలబడింది. దిగినవాళ్లలో లాలు ఉన్నాడేమోనని వెనక దాకా చూసింది.

శ్యామల ఏమీ చెప్పకుండా సంచి చేతికిచ్చింది.

గోరి ముడి మీద వేళ్లతో తడిమింది. తాను వేసిన ముడే.

"ఆయన రాడా అక్కా?"

"రాడు."

"ఐదు దాటినంక వస్తడా?"

"దాటినంక నువ్వే రావాలె. పోతును కట్టేసి పెట్టిన్రు."

గోరికి ఇంక వేరే చెప్పనక్కర్లేకపోయింది. చుట్టూ చూసింది. తల్లి భారతమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అన్న బలరాం అప్పటికే జీపుకూ చెల్లెలికీ మధ్యకు వచ్చాడు.

"మేడం, ఇది మా ఇంటి ఆడిబిడ్డ. ఈడ ఎవ్వలు కేసు పెట్టలే. మీరు పోవచ్చు."

"ఆ మాట ఆమెను అనమను, నేను పోత."

"అన్నా, నీకు ముందే తెలుసా?" అంది గోరి.

బలరాం కోపంగా తిరిగాడు. "తెలుసు! నాలుగేండ్లు మన యాడి, మన కన్నతల్లి, ఆ గుమ్మంల కూసొని నీ పేరు పెట్టి ఏడ్చింది. పట్టుకోనీకి ఒక్క మనిషి లేక గోడను పట్టుకొని ఏడ్చింది. ఇయ్యాల పొద్దుగూకితే అన్నీ కడుక్కపోతయి. నువ్వు పోయి ఆ కాగితం ఏసినవనుకో, లాల్‌సింగ్ మా గడప తొక్కడు, మమ్మల్ని తొక్కనియ్యడు. నీకు సర్పంచ్ పదవి ఎక్కువనా, తల్లి ఎక్కువనా?"

గోరి తల్లి దగ్గరికి నడిచింది. వాళ్లు లంబాడీలో మాట్లాడుకున్నారు. శ్యామలకు ప్రతి మాటా తెలుస్తోంది.

"యాడీ, నువ్వు నన్ను ఆపనీకి వచ్చినవా?"

"ఆడ గొడవలైతయి, నిన్ను కొడ్తరని లాలు చెప్పిండే. కొట్టకుండ కాపాడనీకి వచ్చిన." భారతమ్మ కొడుకు వైపు చూసింది. "పోతు సంగతి నాకు చెప్పలే."

"నేను వార్డు మెంబర్ అయింది మామ పేరు మీద యాడీ. నా పేరు పెట్టి ఒక్కడు ఓటెయ్యలే. 'లాల్‌సింగ్ కోడలా, సరే' అన్నరు. ఐదేండ్లు పని చేసిన. ఇప్పుడు నా పేరు మీద నిలబడితే ఎంతమంది ఏస్తరో చూసుకోవాలె. పది మంది ఏసినా సరే. ఓడిపోతే ఓడిపోయిన అంటరు. ఇంట్ల కూసోపెట్టిన్రు అనిపించుకోను."

"పోతే మళ్ల నాలుగేండ్లు నిన్ను చూడనియ్యరే."

"ఎవ్వలు చూడనియ్యకపోయేది? బస్సెక్కి నేనే వస్త. ఇన్నేండ్లు వాళ్లు పోతును కోస్తరని ఎదురు చూసుకుంట కూసున్న. అది నా తప్పు. ఇగ కూసోను."

భారతమ్మ లోపలికి వెళ్లింది. బలరాం 'యాడీ' అని పిలిచాడు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి కూతురి చేతికిచ్చింది. గోరి గటగటా తాగింది. పొద్దున చెంబు నీళ్లు తాగకముందు ఇద్దరూ ఏడ్చారు. ఇప్పుడు ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు.

"జల్దీ పో," అంది భారతమ్మ.

కొడుకు కదలకపోతే, ముసలామె అతని చేయి పట్టుకుని పక్కకు లాగింది.

*

చండ్రుగొండ దాటాక గోరి సంచి విప్పి ఒక్కొక్క కాగితం చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అయినా ఆమె మొహం తేటపడలేదు.

"ఏంది?"

"ప్రపోజర్ కావాలె అక్కా. నన్ను నిలబెడుతున్న అని మా ఊరి ఓటరు ఒకరు సంతకం పెట్టాలె. ఆయన పెడ్తనన్నడు."

శ్యామలకు రాందాస్ నవ్వు గుర్తుకొచ్చింది.

"ఇంకెవరూ లేరా?"

"మా తండల ఎవ్వల్ని అడిగినా మామకు తమ్ముడో అల్లుడో వియ్యంకుడో అయితడు. వాళ్ల ఆడోళ్లు వాళ్లను కాదని రారు."

శ్యామల ఫోన్ చేతిలోకి తీసుకుంది. పోలీసు ఉద్యోగి అభ్యర్థికి సంతకం వెతికిపెడితే పవన్ అన్న సస్పెన్షన్ నిజంగానే వస్తుంది. ఆమె చేయగలిగింది ఒక్కటే. ఫిర్యాదు చేసిన మనిషికి మనిషి దొరికిందని చెప్పడం డ్యూటీలో భాగం. సైదమ్మకు ఫోన్ చేసింది.

"గోరి దొరికింది. కిడ్నాప్ కాదు. వాళ్లమ్మ కలిసి ఏడ్చింది, అంతే."

"అమ్మయ్య!" సైదమ్మ గొంతు జీపంతా వినిపించింది. "కన్నతల్లిని కలిసినందుకా అంత ఏడుపు? నా మతి మండిపోను, పోలీసుల్ని పిలిచి ఊరంతా ఆగం చేశాను. పిల్లకోసారి ఫోన్ ఇవ్వండి మేడం గారూ, తప్పయిందని చెప్తాను."

శ్యామల ఫోన్ ఇచ్చి కిటికీలోంచి బయటికి చూసింది. గోరి గొంతు తగ్గించి ఏదో చెప్పింది. తర్వాత ఫోన్ కట్ అయింది.

"ఏమన్నది?"

"ఏమనలే," అంది గోరి.

*

స్టేషన్‌లో స్టేట్‌మెంట్ నాలుగు వాక్యాలైంది. 'నేను నా తల్లితో నా ఇష్టపూర్వకంగా వెళ్లాను. ఎవరి మీదా ఫిర్యాదు లేదు.' గోరి సంతకం పెట్టి బయటికి నడిచింది. నామినేషన్ల కేంద్రం అదే రోడ్డు మీద, నాలుగిళ్ల అవతల.

గేటు బయట రాందాస్ అప్పటికే నిలబడి ఉన్నాడు. కేసు లేదు కాబట్టి పవన్ వదిలేయక తప్పలేదు. రాందాస్ చుట్టూ పది మంది తండా మనుషులు. అందరి చేతుల్లో ఫోన్లు. గోరి జీపు దిగడం వీడియో తీద్దామని వచ్చినవాళ్లకు ఆమె ఒంటరిగా నడిచి రావడం తప్ప ఏమీ దొరకలేదు.

"వచ్చినవా మరదలా," అన్నాడు రాందాస్. "లోపలికి పో. ప్రపోజర్ ఎవరని అడుగుతరు. నా తమ్మునికి జరమొచ్చింది. దుప్పటి కప్పుకొని పన్నడు."

గోరి గేటు పక్కన నిలబడింది. బావ ఎదురుగా ఉంటే తలెత్తని మనిషి, ఆ పూట తల దించలేదు. ఐదుకు ఇంకా పావుగంట ఉంది. గేటు దగ్గర కానిస్టేబుల్ గొలుసు చేతిలోకి తీసుకుని సిద్ధంగా ఉన్నాడు.

అప్పుడు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్ పక్క నుంచి సైదమ్మ దిగింది. జుట్టు చెదిరిపోయి ఉంది, చేతులకు మసి అంటుకుని ఉంది. ఓటరు కార్డు జాకెట్టులోంచి తీసి పట్టుకుంది.

"పద పిల్లా. ఎక్కడ పెట్టాలి సంతకం?"

ఇద్దరూ లోపలికి వెళ్లారు. శ్యామల గేటు బయటే ఉండిపోయింది. కిటికీ తెరిచి ఉంది కాబట్టి లోపలి మాటలు బయటికి వినిపించాయి.

"ఈమె మీకు చుట్టమా అమ్మా?" అని అడిగాడు కాగితాలు తీసుకునే ఉద్యోగి.

"కాదండి."

"ఒకే కులమా?"

"కాదండి."

"మరి ఏమవుతుంది?"

"ఏమీ కాదండి. నా కొట్టు ముందు రెండేళ్లు చీకటి. వార్డు మెంబర్‌గా ఉన్నప్పుడు తిరిగి తిరిగి లైటు వేయించింది. నేను తనకేమవుతానని అప్పుడు తనూ అడగలేదు."

కాగితం జరిపిన చప్పుడైంది. సైదమ్మ సంతకం నిదానంగా పెట్టే మనిషి.

బయట రాందాస్ మొహంలో నవ్వు పోయింది. ఫోన్ తీసి తమ్ముడికి కలిపాడు. "గోరి బట్టలు, సామాను మొత్తం రోడ్డు మీద ఏసెయ్. నాయిన చెప్పిండు. నువ్వు ఎయ్యకుంటే నేనొచ్చి ఏస్త." ఫోన్ జేబులో పెట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

ఐదు కొట్టాక ఆడవాళ్లిద్దరూ బయటికొచ్చారు. గోరి చేతిలో రసీదు ఉంది. రాందాస్ ఆమెను చూడలేదు. సైదమ్మనే చూశాడు.

"సైదమ్మా, నీ కొట్టు ఎవ్వల జాగల ఉందో యాదికుందా?"

సైదమ్మ ఆటో వైపు చేయి చూపించింది. అప్పటిదాకా ఎవరూ ట్రాలీలోకి తొంగి చూడలేదు. గ్యాస్ పొయ్యి, సిలిండర్, టీ కెటిలు, గ్లాసుల బుట్ట, బిందె, పొద్దున నీళ్లిచ్చిన చెంబు, కాళ్లు పైకి పెట్టి కట్టిన బెంచీ. రేకులు తప్ప కొట్టంతా అందులో ఉంది.

"జాగా మీదే అబ్బాయ్. అక్కడే ఉంది, పోయి చూసుకో. పొయ్యి మాత్రం నాది."

రాందాస్ పక్కనున్న మనుషుల్లో ఒకడు ఆటో టైరును కాలితో తన్నాడు. ఇంకొకడు డ్రైవర్ పేరు అడిగాడు. డ్రైవర్ చెప్పలేదు. నలుగురు ఆటో చుట్టూ చేరారు.

గేటు అవతల నిలబడి ఇదంతా చూస్తున్న పవన్ దగ్గరికి శ్యామల నడిచింది.

"పొద్దటి సంది నీకు కేసు కావాలన్నవ్ గద?"

"అవ్."

"నీ పార్టీని ఇటు పిలువు. ఇప్పుడు మొదలైతుంది."

*

— బాదావత్ పున్నమ్మ, అరవై ఆరేళ్లు. ఆయన పోయాక, ఇప్పుడు ఇల్లందులో చిన్నబిడ్డ ఇంట్లో ఉంటున్నాను.